వెనక తలుపు

అతను ఆ తలుపును మూడోసారి తట్టి చూసి, “బాగానే ఉందండీ, తీసేసుకుందాం” అన్నాడు.

“మీకు అన్నీ బాగానే ఉంటాయి” అంది ఆమె. “ఆ మలుపు దగ్గర కూడా అంతా బాగానే ఉందనుకున్నారు.”

పాత కార్ల యార్డు యజమాని తల దించుకుని, శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ తుడుచుకోసాగాడు. ముప్పై అయిదేళ్లుగా సంసారం చేస్తున్నవాడు. ఇలాంటి మాటల మధ్య వేలు పెట్టకూడదని ఆయనకు బాగా తెలుసు.

యార్డు నిండా కార్ల తలుపులు అరలో పుస్తకాల్లా వరుసగా నిలబెట్టి ఉన్నాయి. గేటు దగ్గర ఆగిన బూడిదరంగు కారుకు వెనక తలుపు బాగా సొట్టపోయింది. ఆ కారు ఆమె నాన్నగారిది. ఊరెళ్తూ మొట్టమొదటిసారి తాళాలు ఆమె చేతిలో పెట్టారు. సాయంత్రం అయిదింటికి తిరిగొస్తారు. ఆ సొట్ట ఆయన కంటపడిందంటే, ఇక ఈ జన్మకు ఆ తాళాలు ఆమెకు దక్కవు. యార్డుకు వచ్చేటప్పుడు ఆమే నడిపింది. అతన్ని స్టీరింగు మీద చెయ్యి కూడా వేయనివ్వలేదు.

“కొత్తదే కొందాం” అంది. “ఇది ఎవరు ఎక్కడ గుద్దుకున్న కారుదో ఏమో.”

“కొత్త తలుపు రంగు లేకుండా వస్తుందండీ. రంగు వేయించి, ఆరబెట్టి, బిగించేసరికి నాలుగు రోజులు. అన్నాళ్లూ మీ నాన్నగారు కళ్ళు మూసుకుని కూర్చుంటారా?”

“కళ్ళు మూసుకున్నా ఆయన కనిపెట్టేస్తారు.”

యజమాని ఉండబట్టలేక జేబులోంచి అయస్కాంతం తీసి ఆమెకు ఇచ్చాడు. “అనుమానముంటే ఇది పెట్టి చూడమ్మా. రేకైతే పట్టుకుంటుంది. పుట్టీ పూసి కప్పెట్టిన చోట జారిపోతుంది.”

ఆమె దాన్ని తలుపంతా జరుపుకుంటూ వెళ్ళింది. హ్యాండిల్ కిందికి రాగానే అది టప్పున రాలిపడింది.

ఆమె అతనివైపు చూసిందంతే.

“అడిగితే నేనే చెప్పేవాణ్ణమ్మా” అన్నాడు యజమాని.

ఆమె అయస్కాంతం పట్టుకుని వెనక వరుసలోకి వెళ్ళిపోయింది. యజమాని గొంతు తగ్గించాడు. “బాబూ, తప్పు నీదైనా కాకపోయినా ఒప్పేసుకో. హాయిగా ఉంటుంది.”

“పొద్దున్నుంచీ అదే పని మీదున్నానండీ” అన్నాడు అతను దిగులుగా. “ఆవిడ కూడా కాస్త ముందు చెప్పాలి కదా. ఎటు తిరగాలో ఆఖరి నిమిషంలో తేల్చుకుంటే నేను మాత్రం ఏం చెయ్యను?”

“వినిపిస్తోంది” అంది ఆమె తలుపుల వెనకనుంచి.

యజమాని నవ్వు ఆపుకున్నాడు. “అయినా మీరు నయం. మా ఇంట్లో అయితే ఈపాటికి ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయ్యి, ఆ తర్వాత ఇంకేదో అయ్యుండేది.”

నాలుగో తలుపు దగ్గర అయస్కాంతం ఎక్కడా జారలేదు. రంగు కూడా అదే బూడిద. ఆమె కిందినుంచి పైకి, పైనుంచి కిందికి మరో రెండుసార్లు చూసుకుంది. అతను ఇదే సందనుకుని హుషారుగా తలుపును ఒక్కడే ఎత్తబోయాడు. రేకు అంచు తగిలి వేలు తెగింది.

“ఎవరెత్తమన్నారు మిమ్మల్ని?” అంటూ ఆమె తన చేతిరుమాలు చింపింది. తిడుతూనే కట్టు కట్టింది. కట్టినంతసేపూ అతను బుద్ధిగా వేలు చాపి నిలబడ్డాడు. చూస్తున్న యజమానికి ముచ్చటేసింది.

మూడింటికల్లా తలుపు బిగించడం అయిపోయింది. ఆమె గేటు దాకా వెళ్ళి ఎండలో చూసింది. దగ్గరికొచ్చి తలుపును ఏడుసార్లు తెరిచి మూసింది. పాత తలుపుకంటే మెత్తగా పడుతోంది. పొద్దున్నుంచీ బిగుసుకున్న ఆమె మొహం అప్పటికి సడలింది.

“నేనూ వచ్చి తప్పు నాదేనని మీ నాన్నగారితో చెప్పనా?” అన్నాడు అతను.

“మీరు నోరు విప్పకుండా ఉంటే చాలు” అంది. కానీ ఈసారి నవ్వుతూ అంది. ఆ నవ్వు చూసి అతను సగం ప్రాణం లేచొచ్చినవాడిలా కారుకు ఆనుకుని నిలబడ్డాడు.

యజమాని చీటీల పుస్తకం తెరిచాడు. “వారంలోపు లాకు మొరాయిస్తే వెనక్కి తీసుకుంటాను. ఈ చీటీ తెస్తే చాలు. ఎంచిందీ అమ్మాయే, గెలిచిందీ అమ్మాయే కాబట్టి ఆమె పేరు మీదే రాస్తాను. ఇద్దరూ నూరేళ్లు ఇలాగే పోట్లాడుకుంటూ చల్లగా ఉండండి. చెప్పు బాబూ, అమ్మాయి పేరేంటి?”

అతను బుర్ర గోక్కుంటూ ఆమెవైపు తిరిగాడు.

“పొద్దున మీ కారును గుద్దేసిన కంగారులో అడగనేలేదు, ఇంతకీ మీ పేరేంటండీ?”