అటకెక్కని బ్యాగు

“ఇది కూడా వద్దండీ. బాగుంది, కానీ రెండేళ్లకే పాతబడిపోతుంది. ఎన్నేళ్లయినా పాతబడనిది చూపించండి.”

బ్యాగుల షాపు అమ్మాయికి ఓపిక అడుగంటింది. తలకి స్కార్ఫు బిగించుకున్న ఈ మనిషి కుర్చీలోంచి లేవకుండానే సగం షాపు కిందికి దింపించింది. పోనీ బేరమైనా ఆడుతుందా అంటే అదీ లేదు. మాటిమాటికీ మోగుతున్న ఫోను కట్ చేసేస్తూ, ఈ పూట బ్యాగు దొరక్కపోతే కొంప మునిగిపోతుందన్నట్టు చూస్తోంది.

“ఇంతకీ ఎవరికమ్మా?”

“మా వాళ్లకే. ఏది కొన్నా తను అటక మీద పడేస్తుందేమోనని నా భయం. భుజాన వేసుకుని తిరగాలి. అంతే చాలు నాకు.”

“ఆడపడుచుకా? వాళ్లకి నచ్చే బ్యాగు ఇంకా ఎవరూ కుట్టలేదులెండి!” నవ్వుతూ అద్దాల బీరువా తాళం తీసింది షాపు అమ్మాయి. “పట్టీ ఎంతుండాలి? ఆవిడ పొడుగేనా?”

“మా ఆయన పోలికైతే పొడుగే. నిలబడగా నేనెప్పుడూ చూడలేదు.”

“ఓహో, వీడియో కాల్ చుట్టరికమా!”

షాపు అమ్మాయి ఒక నల్ల బ్యాగు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

“దీని మీద కంపెనీ పేరుండదు, తళుకులుండవు. మా అమ్మ కాలేజీకెళ్లే రోజుల్లోనూ ఇదే ఆకారం. చెయ్యి తగిలేకొద్దీ తోలు నునుపెక్కుతుంది. ఈ కుట్టు చూడండి, రెండు సూదులతో చేత్తో కుట్టింది. ఒక దారం తెగిపోయినా రెండోది పట్టుకునే ఉంటుంది.”

ఆమె ఆ కుట్టు వెంట వేలితో తడుముతూ ఉండిపోయింది.

“తెగినా ఊడిపోదు కదా? ఒట్టేసి చెప్పండి.”

“ఒట్టెందుకమ్మా! నచ్చకపోతే తెచ్చి మార్చుకోండి.”

“నేను రాలేను.”

కార్డు ఇవ్వబోతుంటే ఆమె చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టుకి ఆసుపత్రి వాళ్లు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఉంది. షాపు అమ్మాయి గొంతులో వేళాకోళం పోయింది. ఇంతసేపూ విసుక్కున్నందుకు సిగ్గేసింది.

“మీకెందుకమ్మా ఈ అవస్థ? ఆవిడనే ఒకసారి పంపించండి. తనకేం కావాలో తనే నోరు తెరిచి చెప్తుంది.”

ఆమె బ్యాగుని గుండెకి అదుముకుంది.

“పాపకింకా పళ్లే రాలేదండీ.”