మూడోసారి పచ్చలైటు

సముద్రం ఎరగని మా చిన్న ట్యునీషియా పట్నంలో మొదటి సిగ్నల్ పెట్టి వారమైంది. పచ్చలైటు మూడోసారి పడినా ఆలివ్‌కాయలమ్మే నూరి వ్యాను కదల్లేదు. అతను పక్క కారాయనతో పలకరింపుల్లో మునిగిపోయి ఉన్నాడు. వెనక ఒకటే హారన్ల మోత.

ట్రాఫిక్ పోలీసు తిజానీ ఊగిపోతూ వచ్చాడు. "లైసెన్సు తియ్! పచ్చలైటు కనబళ్లేదూ?"

"కనబడిందన్నా. ఇప్పుడే వాళ్ల నాన్నగారి గురించి అడిగాను. అమ్మ, మేనత్త, గాడిద ఇంకా మిగిలే ఉన్నారు. మధ్యలో పోతే ఏం మర్యాద?"

"నీ మర్యాద తగలెయ్య! లైసెన్సు రద్దు చేయిస్తానుండు!" తిజానీ కాగితం తీసి రాయబోయాడు.

"రాసుకో అన్నా. ఇంతకీ మీ అమ్మ మోకాలెలా ఉంది?"

తిజానీ కలం ఆగింది. "నిన్న మెట్లెక్కిందిరా!" అంటూ బండి తలుపుకు ఆనుకున్నాడు.

లైటు ఇంకో ఆరుసార్లు మారింది. చివరికి తిజానీ ఆ కాగితాన్నే వెనక్కి తిప్పి మునిసిపాలిటీకి అర్జీ రాశాడు: "ఎర్రలైటు అరనిమిషం చాలడం లేదు. పావుగంట చెయ్యగలరు."

హారన్లు కొట్టిన మేమంతా దిగొచ్చి సంతకాలు పెట్టాం. మేం కొట్టింది కదలమని కాదు, మమ్మల్నెవరూ పలకరించలేదని.