మిగిలిన మనిషి

మంచు బూట్లు గుమ్మం దగ్గర విప్పాక గానీ నోవహు గారికి తెలియలేదు, లోపల వేసుకోవాల్సిన బూట్లు ఇంట్లోనే మరిచిపోయి వచ్చారని.

చేసేదేముంది? మేజోళ్ళతోనే నడిచి వచ్చారు. ఎడమ మేజోడు బొటనవేలి దగ్గర కుట్టు వేసి ఉంది.

గాజు గదిలోంచి స్పందన చూసి నవ్వింది.

“ఇంటర్వ్యూకి వచ్చారా, భోజనానికి వచ్చారా?”

“ఇంటర్వ్యూకేనమ్మా. కంగారులో షూస్ మర్చిపోయాను. ఏమనుకోకండి.”

అరవైకి దగ్గర పడ్డ మనిషి. కూర్చోగానే పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నారు.

కెనడాలో ఈ కిచెనర్ ఊళ్ళో స్పందన పేరు తెలియని తెలుగు ఇంజనీరు లేడు. కంప్యూటర్ ఇంజనీరుగా ఈ దేశం వచ్చింది. కొన్నాళ్ళు ఉద్యోగం చేసి సొంత కంపెనీ పెట్టింది. దాన్ని మంచి ధరకి అమ్మింది. ఇప్పుడు చిన్నచిన్న కంపెనీల్లో డబ్బు పెడుతోంది. ఈ కంపెనీ తనీష్ అనే కుర్రాడిది. డబ్బు ఆమెది. అందుకని ఆఖరి మాటా ఆమెదే.

“ఆంటీ, హీ ఈజ్ రియల్లీ గుడ్. లెట్స్ హైర్ హిమ్” అన్నాడు తనీష్, పక్కకి వంగి.

“ఆఫీసులో ఆంటీ అనొద్దని చెప్పిన్నా లేదా?”

తనీష్ మళ్ళీ సరిగ్గా కూర్చున్నాడు.

స్పందన రెజ్యూమే తిరగేసింది.

“కనాటా ఊళ్ళో, ఆ టెలికాం కంపెనీలో చేశారా? ఎందుకు మానేశారు?”

“మానలేదమ్మా. లేఆఫ్.”

“ఎప్పుడు? ఆ పెద్ద లేఆఫ్‌లోనా?”

“అందులోనే.”

స్పందన వెనక్కి వాలింది. ఈ మాట చెప్పే అవకాశం వస్తే ఆమెకి ఎప్పుడూ హుషారే.

“నేనూ అక్కడే చేశాను. మా ఫ్లోర్ సగం ఖాళీ అయింది. నేను మిగిలాను.”

“తెలుసమ్మా.”

“తెలుసా?”

“మీ మాటలు యూట్యూబ్‌లో వింటుంటాం కదా. మా ఆవిడ సలోమికి మీరంటే భలే ఇష్టం.”

“అయితే నా రూల్ కూడా వినే ఉంటారు.”

వినే ఉన్నారు. ఏ వేదికెక్కినా ఆమె చెప్పేదే అది. ఆ లేఆఫ్‌లో పోయినవాళ్ళని నేను తీసుకోను. పనికొచ్చేవాళ్ళని కంపెనీ ఉంచుకుంది, పనికిరానివాళ్ళని ఊడ్చేసింది. ఊడ్చిందాన్ని నేనెందుకు ఏరుకోవాలి? అక్కడికి రాగానే హాలంతా చప్పట్లు.

నోవహు గారు చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

“జీతం మీరెంతంటే అంతేనమ్మా. బెనిఫిట్స్ ఉంటే చాలు. సలోమి మందులు చాలా ఖరీదు. మొన్నటి ఉద్యోగం పోయింది. దాని ఇన్సూరెన్స్ ఈ నెలాఖరుతో సరి. తర్వాత ఆ మందులు నేను కొనలేను.”

“ఇది చర్చి కాదు నోవహు గారూ. కంపెనీ.”

స్పందన రెజ్యూమే మూసి పక్కన పెట్టింది.

“ఒకటి అడుగుతా. అంతమంది ఉండగా మిమ్మల్నే ఎందుకు తీసేశారో ఎప్పుడన్నా ఆలోచించుకున్నారా?”

తనీష్ తల దించుకుని బల్లకేసి చూస్తున్నాడు.

నోవహు గారు ఏదో చెప్పబోయారు. మింగేశారు. తర్వాత చిన్నగా నవ్వారు.

“మీరు మిగిలారు. ఇంతవారయ్యారు. సంతోషమమ్మా.”

ఆ సంతోషం ఆమెకి వెటకారంలా తగిలింది.

“వెళ్ళిరండి” అంది, తలుపు వైపు చూపించి.

ఆయన గుమ్మం దగ్గర వంగి తడి బూట్లు తొడుక్కుంటుంటే స్పందన ఫోన్ తీసింది. తను డబ్బు పెట్టిన కంపెనీల వాళ్ళందరికీ కలిపి ఒక గ్రూపు ఉంది. ఆయన పేరు టైపు చేసి, ‘వస్తే తీసుకోకండి’ అని పెట్టింది.

“దట్స్ మీన్” అన్నాడు తనీష్.

“నువ్వింకా చిన్నోడివి. నేర్చుకో.”

తనీష్ లేచి వెళ్ళిపోయాడు.

కాసేపటికి రంగనాథ్ గారు వచ్చారు, కోటు మీది మంచు దులుపుకుంటూ. కనాటాలో ఒకప్పుడు ఆమె మేనేజర్. ఇప్పుడు రిటైరై, ఆమెకి సలహాలిస్తుంటారు. ఇద్దరూ కలిసి భోజనానికి వెళ్ళాలి.

“కింద బస్‌స్టాప్‌లో ఉన్నది మా నోవహు కదూ? పిలుస్తుంటే చెయ్యూపి బస్సెక్కేశారు. ఇక్కడికేనా వచ్చింది?”

“మీకు తెలుసా? అవున్లే, మీరే కదా ఆయన్ని తీసేసింది! ఉద్యోగం అడగడానికి వచ్చాడు మహానుభావుడు. అదీ సాక్సులతో!” స్పందన పకపకా నవ్వింది. “నేనూ పంపించేసిన. మనవాళ్ళ కంపెనీలన్నిటికీ చెప్పేసిన, తీసుకోవద్దని.”

బల్ల మీద ఫోన్ టింగుమంది. ఎవరో సరేనని పైకెత్తిన బొటనవేలి గుర్తు పెట్టారు. వెంటనే ఇంకొకటి.

రంగనాథ్ గారు కోటు విప్పబోయి ఆగిపోయారు.

“ఎవ్వరికీ చెప్పొద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు స్పందనా. ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాను.”

“ఏం మాట?”

“తీసేయాల్సిన వాళ్ళలో నేను మొదట రాసింది నీ పేరు.”

మళ్ళీ టింగుమంది. స్పందన ఫోన్ వైపు చూడలేదు.

“నా పేరా? మరి నేనెట్ల మిగిలాను?”

రంగనాథ్ గారు కిటికీలోంచి కింద ఖాళీ బస్‌స్టాప్‌ని చూస్తూ అన్నారు. “ఆయనకి పీఆర్ ఉంది, ఉద్యోగం పోయినా ఇక్కడే ఉండొచ్చు, నీది వర్క్ పర్మిట్, ఉద్యోగం పోతే ఆ తెలుగు పిల్ల దేశం వదిలి పోవాలి కదా, ఆమె పేరు కొట్టేసి నాది రాయండి అని, నీ ముఖమైనా చూడని ఆ మనిషి కింద ల్యాబ్ నుంచి వచ్చి, నేను రాసేదాకా నా గదిలోంచి కదల్లేదు.”