రెండున్నర సెకన్లు

షోరూమ్‌లో రెండు ఎలక్ట్రిక్ కార్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకటే రంగు, ఒకటే పొడవు.

ముందు అద్దం మీద పెట్టిన అట్టలే వేరు. ఒకదాని మీద, సున్నా నుంచి వంద కిలోమీటర్ల స్పీడుకు 8.4 సెకన్లు. రెండోదాని మీద 5.9 సెకన్లు.

ధరలో తేడా రెండు లక్షల పదివేలు.

"ఈ రెండున్నర సెకన్లకా అంత?" అంది ఫాతిమా. ఆమెకు ఏలూరులో టైలరింగ్ షాపు ఉంది.

"అవునమ్మీ," అంది కూతురు జోయా.

"రెండున్నర సెకన్లలో ఏం చేస్తావే? సూదిలో దారం కూడా ఎక్కదు."

సేల్స్‌మన్ ఫణికిరణ్ నవ్వాడు. జోయా నవ్వలేదు.

ఆమెకు కైకలూరులో బ్యాంకు ఉద్యోగం. రోజూ పొద్దున కొల్లేరు మీదుగా వెళ్తుంది, చీకటి పడ్డాక వస్తుంది. మొన్నటి దాకా బస్సులోనే తిరిగింది. పన్నెండు రోజుల కిందట, చనిపోయిన తండ్రి పాత కారును బయటికి తీసింది. వారం తిరక్కుండానే కొత్త కారు కొంటానంది.

ఎందుకని ఫాతిమా అడగలేదు. జీతం వస్తోంది, సరదా పడుతోంది అనుకుంది.

"టెస్ట్ డ్రైవ్ బైపాస్ మీదండి," అన్నాడు ఫణికిరణ్.

"కైకలూరు రోడ్డు మీద నడుపుతాను."

"ఆ రోడ్డు మీద స్పీడేం తెలుస్తదండీ?"

"నేను తిరిగేది ఆ రోడ్డు మీదేనండి."

5.9 సెకన్ల కారులో జోయా పక్కన ఫణికిరణ్ కూర్చున్నాడు, ఫాతిమా వెనక. ఊరు దాటాక రెండు పక్కలా చేపల చెరువులు మొదలయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం. రోడ్డు ఖాళీగా ఉంది.

జోయా యాక్సిలరేటర్ తొక్కింది. చప్పుడు లేదు. ఫాతిమా తల వెళ్ళి సీటుకు కొట్టుకుంది.

జోయా స్పీడు చూడటం లేదు. అద్దంలో వెనక రోడ్డును చూస్తోంది.

"వెనక్కి చూడక్కర్లేదండి మేడమ్. ఈ బండిని ఎవడూ అందుకోలేడు."

"ఎవడూనా?"

"గ్యారంటీ అండి."

ఆమె కారు ఆపింది. మళ్ళీ తొక్కింది. అలా నాలుగుసార్లు. ప్రతిసారీ పెదవులు కదిలాయి. లెక్కపెడుతోంది.

కొల్లేరు దాటాక రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. సార్వా వరి కోతలైతే అక్కడ ఏటా అంతే. అంచున వరసగా రాళ్ళు పెట్టారు. బండ్లు వెళ్ళే సగంలో కూడా గింజలు పరుచుకున్నాయి.

"ఇక్కడ మెల్లగా పోనివ్వండి మేడమ్. ధాన్యం మీద ఏ బండైనా జారిపోద్ది. ఇదైతే ఇంకానూ."

జోయా విన్నది. అయినా తొక్కింది.

చక్రాలు తిరిగాయి. కారు ముందుకు పోలేదు, పక్కకు పోయింది. రాళ్ళను తన్నుకుంటూ అడ్డం తిరిగి గట్టు చివర ఆగింది. ఫాతిమా కిటికీ కింద చెరువు నీళ్ళు.

కాళ్ళతో ధాన్యం తిరగేస్తున్న ఒకావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏమ్మా, కళ్ళు ఇంటి దగ్గర పెట్టొచ్చావా? తొక్కడానికి నా ధాన్యమే దొరికిందా?"

ఫణికిరణ్ దిగి దండం పెట్టాడు. "తప్పయిపోయింది పిన్నిగారండీ. నేను ఎత్తేస్తానండి." టై భుజం మీదికి వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, గింజలు దగ్గరికి లాగసాగాడు.

కారులో తల్లీ కూతురూ మిగిలారు.

"అతను చెబుతూనే ఉన్నాడు కదే. ఎందుకు తొక్కావు?"

"ఇక్కడేనమ్మీ. ఇక్కడ నేను మెల్లగా వెళ్ళక తప్పదని వాడికి తెలుసు."

"ఎవడికి?"

"రోజూ సాయంత్రం నా వెనకాల ఒక కారు వస్తుంది. నల్ల అద్దాలు. మనిషి కనపడడు. ఇక్కడికి రాగానే పక్కకొచ్చి, నా కారుకు ఆనించి నడుపుతాడు. చెరువు వైపుకి."

ఫాతిమా కిటికీ కిందికి చూసింది.

"నంబరు?"

"ప్లేటు ఉండదు."

"మళ్ళీ బస్సులోనే వెళ్ళు."

"బస్సు వెనకాలే వచ్చేవాడు. మన వీధి మలుపు దాకా."

"సెలవు పెట్టు."

"ఎన్నాళ్ళు పెట్టనమ్మీ?"

ఫాతిమా కిటికీ దగ్గర నుంచి సీటు మధ్యకు జరిగింది.

"ఈ ధాన్యం దాటితే చాలు," అంది జోయా. "తర్వాత రోడ్డు తిన్నగా ఉంటుంది. నాన్న కారు ఎనభైకే ఊగిపోతుంది. ఇదైతే వాడు మళ్ళీ పక్కకొచ్చేలోపు నేను ముందుంటాను."

ఫణికిరణ్ మోకాళ్ళు దులుపుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"ఆవిడ వదిలేసిందండి. అమ్మగారూ, మీరు హడలిపోయినట్టున్నారు. నా మాట విని ఆ ఎనిమిది సెకన్లది తీసుకోండి. ఇంటి వాడకానికి అది చాలండి. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాం."

"ఈ స్పీడుదే రాయండి," అంది ఫాతిమా.

అతను వెనక్కి తిరిగి చూశాడు.

"దీనికంటే స్పీడుగా వెళ్ళేది ఉందా?" అని అడిగింది.

"మా దగ్గర ఇదే పైదండి. కాకపోతే దీనికి ఇరవై రెండు రోజులు పడుతుంది. ఆగుతారు కదండీ?"

జోయా కారును ఏలూరు వైపు తిప్పింది.

"రేపు సోమవారమండీ," అంది ఫాతిమా.