వద్దన్న మార్కు

పని పద్ధతులను మదింపు చేయడానికి వచ్చిన నిపుణుడు గుమ్మంలోనే ముక్కు చిట్లించాడు. టీ కాచుకునే గట్టు పక్కనే సర్వరు. దాని మీద ఎవరిదో తడి తువ్వాలు. ఇదీ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీయేనా అన్నట్టు చూశాడు.

ఆయన చూపులో తప్పేమీ లేదు. ఆ ఆఫీసు బతుకే అంత. ప్రోగ్రామర్ చేతికొచ్చింది రాసేవాడు. టెస్టర్ తప్పు చూపిస్తే యజమానురాలు "తర్వాత చూద్దాంలే" అని పంపించేసేది. ఆ "తర్వాత" ఎన్నడూ రాలేదు. ఇప్పుడు చేతిలో పని లేదు. దొరక్క దొరికిన కొత్త క్లయింటేమో మదింపులో పాసైతేనే పని ఇస్తానన్నాడు. లేదంటే నెలాఖరుకి ఆఫీసుకి తాళమే.

నిపుణుడు టాబ్లెట్ తెరిచాడు. తెర మీద పేరున్న ఒక పెద్ద కంపెనీ ముద్ర మెరిసింది. అది చూసి టెస్టర్ ఏదో అనబోయింది. యజమానురాలు కళ్లతోనే ఊరుకోమంది.

"నా అభిప్రాయంతో పనిలేదు మేడం. ఈ యాప్ చెప్పిందే ఆఖరి మాట. బటన్ నొక్కగానే ఫలితం నేరుగా మీ క్లయింటుకి వెళ్లిపోతుంది" అన్నాడు నిపుణుడు, అదేదో తను కన్న బిడ్డ అయినట్టు.

ఇక మొదలుపెట్టాడు. రాసే ముందు ప్లాను వేసుకుంటారా? లేదండి. ఒకరి కోడ్ ఇంకొకరు చూస్తారా? లేదండి. ప్రతి సున్నానూ చప్పరిస్తూ వేశాడు. చివరికి ఆయనకే జాలేసింది. బ్యాకప్ రోజూ తీస్తున్నారు కాబట్టి దానికి ఒక మార్కు వేస్తానన్నాడు.

"వద్దండి" అంది యజమానురాలు చేతులు జోడించి. "తీయడమే గానీ, అది పనికొస్తుందో లేదో ఏనాడూ చూసుకోలేదు. సున్నానే వేయండి."

ఇంత సిగ్గులేని మనిషిని ఆయన ఎక్కడా చూడలేదు. సున్నా వేసి, బటన్ నొక్కాడు.

నూటికి నూరు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నూరే. యాప్ తప్పంటే ఇందాకటి గొప్పలన్నీ మింగాలి. అందుకని గొంతు సవరించుకుని, పైకి కనిపించదు గానీ లోతుగా చూస్తే ఇక్కడ ఏదో పద్ధతి ఉందని నసిగాడు. అందరితో చేయి కలిపి మరీ వెళ్లాడు.

లిఫ్టు కిందికి దిగిన చప్పుడు విన్నాక యజమానురాలు టెస్టర్ వైపు తిరిగింది.

"ఆ పెద్ద కంపెనీకి మనం రాసిచ్చిన ఈ యాప్‌లో, అన్నీ సున్నాలు వేస్తే నూరు చూపిస్తోందని అప్పట్లో మొత్తుకున్నావు చూడు అమ్మాయ్, దాని సంగతి తర్వాత చూద్దాంలే."