నీళ్ళంటే భయం

"ఇంకెక్కడైనా నేర్చుకోండమ్మా. ఇక్కడికెవరూ రావడం లేదు."

ఈత మాస్టారు తలెత్తకుండానే అన్నాడు.

"అందుకే వచ్చాను. పదిమందిలో నాకు సిగ్గు," అందావిడ. నలభై దాటి ఉంటాయి.

ఆర్నెల్ల క్రితం ఆ కొలనులో ఒక పాప మునిగి చనిపోయింది. మాస్టారు ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగిన రెండు నిమిషాల్లో. బడి వ్యానులో వచ్చి వెళ్ళే పిల్ల. తల్లెవరో కూడా ఆయనకు తెలీదు. క్షమించమని అడుగుదామని ఆ పాప వాళ్ళ వీధి మలుపుదాకా మూడుసార్లు వెళ్ళాడు. ధైర్యం చాలక వెనక్కొచ్చేశాడు.

ఆవిడ నీళ్ళలో రెండో మెట్టు మీదే ఆగిపోయింది.

"అటు చివర ఎంత లోతు?"

"తొమ్మిదడుగులు. అటు చూడకండి."

"నేను అక్కడిదాకా వెళ్ళాలి."

ముఖం నీళ్ళలో పెట్టమంటే వణికేది. మాస్టారి చెయ్యి పట్టుకుంటే గోళ్ళు దిగేవి. పదిరోజులైనా గట్టు వదల్లేదు.

ఒకరోజు ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంత భయమున్నవాళ్ళు ఇంట్లో కూచోవాలి! నా ప్రాణం తియ్యడానికొచ్చారా?"

ఆవిడ ముఖం తుడుచుకుంది.

"తిట్టండి మాస్టారూ. నా మీంచి చూపు మాత్రం తిప్పకండి."

ఆ తర్వాత ఆయన మళ్ళీ విసుక్కోలేదు.

కంచె అవతల నడిచేవాళ్ళు ఆగి చూడటం మొదలెట్టారు. మూడోవారం ఇద్దరు పిల్లలు చేరారు. ఆ పైవారం ఏడుగురు. మూతపడుతుందనుకున్న కొలను మళ్ళీ కేరింతలతో నిండింది.

ఆవిడ ఒక ఉదయం ఆ చివరిదాకా ఈదింది. గోడకు నుదురానించి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

అలిసిపోయిందనుకున్నాడాయన.

బయటికొచ్చాక, "ఇక రానండి. వేరే ఊరు వెళ్ళిపోతున్నాం," అంది.

"మొండి మనిషే మీరు!" నవ్వాడు మాస్టారు.

"మీరూ మొండిగానే ఉండండి. ఈ పని మానకండి."

మర్నాడు ఒకాయన కూతుర్ని చేర్చడానికొచ్చాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ముందే చెప్పాలండీ. ఇక్కడ నా తప్పువల్ల ఒక పాప..."

"తెలుసు. వాళ్ళ పక్కిల్లే మాది. పిల్లని పంపడానికి మేమూ వెనకాడాం. ఆవిడే మా వీధిలో అందరికీ ధైర్యం చెప్పింది."

"ఎవరండీ?"

"అదేంటి మాస్టారూ, తెలీదా? నిన్నటిదాకా మీ దగ్గర ఈత నేర్చుకుంది ఆ పాప వాళ్ళమ్మే కదా!"