వంతెన మీద జెండా

చెరకు బండి వంతెన ఎక్కబోతుంటే ఎదురుగా ఎర్ర జెండా లేచింది.

సన్యాసమ్మకి ఒళ్లు మండింది.

"ఎవులు నువ్వు? నా బండి ఆపడానికి నువ్వెవులు?"

వంతెన నడిమిట్లో నిలబడ్డ ముసలాయన నవ్వాడు.

"అవతల నుంచి లారీ వస్తోంది తల్లీ. ఒక్క నిమిషం."

అన్నట్టే లారీ వచ్చింది. వంతెన దిగి, దుమ్ము రేపుకుంటూ ఆవిడ పక్కనుంచి వెళ్లిపోయింది. అప్పుడు ముసలాయన ఆకుపచ్చ జెండా ఊపాడు.

చోడవరం దాటాక నీళ్లు పారే గెడ్డ మీదున్న ఆ ఇరుకు వంతెన నడిమిట్లో ఎద్దు మూపురంలా ఎత్తుగా ఉంటుంది. ఇటు బండికి అటు లారీ కనబడదు. రెండూ పైన ఎదురుపడ్డాయా, ఇక అంతే సంగతులు! ఎడ్లు ముందుకు నడుస్తాయి గానీ వెనక్కి నడవమంటే నడుస్తాయా? గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలడం మొదలైన దగ్గర్నుంచి రోజుకో రభస, పూటకో తిట్ల పురాణం.

తొంభై నాలుగు సీజన్లో ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో గానీ, గఫూర్ సాయిబు రెండు జెండాలతో వచ్చి వంతెన మీద నిలబడ్డాడు. చోడవరంలో కూతురింట్లో ఉంటున్నాడట. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

"రైల్వేలో పన్జేసేవా సాయిబూ?" ఓనాడు సన్యాసమ్మ అడిగింది.

"చేసేను తల్లీ."

"అదీ సంగతి! పింఛను తింటా ఖాళీగా కూకోనేక వచ్చేడు," అని బండ్లవాళ్లు తేల్చేశారు.

ఏమైతేనేం, రెండు నెలలు వంతెన మీద గొడవన్నది లేదు.

భర్త పోయాక సన్యాసమ్మకి మిగిలింది ఎకరం చెరకు, ఆ ఎడ్ల జత. ఎడ్లకేమన్నా అయితే ఆవిడ పనీ అయిపోయినట్టే. అందుకే సాయిబంటే ఆవిడకి ఎక్కళ్లేని అభిమానం పుట్టుకొచ్చింది.

"సాయిబూ, ఆ జెండాలు సూడు, మసిగుడ్డల్లాగున్నాయి. ఇలాగియ్యి, ఉతికి తెస్తాను."

"వద్దు తల్లీ, నాకలవాటే."

"నీ మొకం. ఇయ్యెహె!"

లాక్కుపోయింది. సబ్బు పెట్టి మరీ ఉతికింది. ఎర్ర జెండా మూలకి మొద్దులాంటి ముడి ఒకటుంది. 'మగోళ్ల పనులు ఇలాగే ఏడుస్తాయి' అనుకుంటూ విప్పేసింది. చిరుగులు కుట్టి, రెండూ కలిపి మడత పెట్టింది.

మర్నాడు పొద్దున్నే వంతెన మొదట్లో అతని చేతికిచ్చింది. గఫూర్ మొహం వెలిగింది. జెండాల మూలలు వేళ్లతో తడుముకుంటూ పైకి ఎక్కాడు. తడిమిన చోటే మళ్లీ తడిమాడు. గబుక్కున వెనక్కి తిరిగాడు.

"తల్లీ, దీనికి..."

లారీ హారన్‌లో ఆ మాట ఆవిడకి వినబడలేదు. లారీ అప్పటికే అవతలి ఎత్తు ఎక్కేస్తోంది. గఫూర్ కంగారుగా బండికేసి ఓ జెండా ఎత్తాడు.

ఆకుపచ్చది.

సన్యాసమ్మ ఎడ్లని అదిలించింది.

వంతెన పైన లారీ, బండీ ముఖాముఖీ అయ్యాయి. లారీ కీచుమని ఆగింది. బెదిరిన ఎడ్లు వంతెన పిట్టగోడకేసి ఒరిగాయి. కాడి విరిగింది. సగం చెరకు గెడ్డలో పడింది. ఓ ఎద్దు మోకాళ్ల మీద కూలిపోయింది.

"సచ్చినోడా! నా కొంప ముంచేసేవు కదరా! పొద్దున్నే తాగొచ్చేవా?"

సన్యాసమ్మ గుండెలు బాదుకుంది. బండ్లవాళ్లు తలో మాటా అన్నారు. లారీ డ్రైవరు గఫూర్ చొక్కా పట్టుకున్నాడు.

"తప్పు నాదే. నాదే," అన్నాడు గఫూర్. జెండాలు గోడ మీద పెట్టి నడిచి వెళ్లిపోయాడు.

వారానికి ఎద్దు లేచి నిలబడింది. సన్యాసమ్మ ప్రాణం కుదుటపడింది. వంతెన మీద మాత్రం పాత రభస మళ్లీ మొదలైంది. కోపం దిగేకొద్దీ ఆవిడకి, జెండా మూల తడుముకుంటున్న ఆ వేళ్లే గుర్తుకొచ్చాయి. ఉండబట్టలేక జెండాలు పట్టుకుని అతని కూతురింటికి వెళ్లింది.

కూతురు నిలోఫర్ కుట్టుమిషను ఆపి లేచింది.

"మా అబ్బా అనకాపల్లి వెళ్లిపోయేరు పిన్నీ."

"ఎర్ర జెండాకి ముడుండేది. నానే ఇప్పేసేనమ్మా. అదెందుకమ్మా?"

"అది ఎర్రదని చేతికి తెలియాలి కదా. ఆయన కంటికి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే ఉంటాయి. పుట్టుకతోటే అంతే."

సన్యాసమ్మ చేతిలోని జెండాల మూలలు తడిమి చూసుకుంది.

"ఓలమ్మో! ఎన్ని మాటలన్నాను! నా పేరు సెప్పనేదే?"

"తెలీకుండా జెండా ఎత్తడం తన తప్పేనంటారు. అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

"రేపు నాను అనకాపల్లి ఎల్తన్నాను. బతిమాలి తీసుకొస్తాను. వస్తాడంటావా?"

"మీరు పిలవాలే గానీ పరిగెత్తుకొస్తారు."

సన్యాసమ్మ కళ్లు తుడుచుకుంది. అంతలోనే అనుమానం వచ్చింది.

"మరి రైల్వేవోళ్లు కళ్లు సూడకుండానే కొలువిచ్చేసేరా?"

"చూసేరు పిన్నీ. ముందువాళ్లు చెప్పిన జవాబులు విని, అవే అప్పజెప్పేసేరట. పగలు డ్యూటీ. నాలుగు నెలలు ముడేసిన జెండాతోనే నెట్టుకొచ్చేరు."

"మరెవులు పట్టేసేరు?"

ఎవరూ పట్టుకోలేదు, రాత్రి డ్యూటీ పడ్డ రోజున, దీపాలకి ముడి వెయ్యలేనని స్టేషన్ మాస్టర్‌కి తనంతట తానే ఉన్నదున్నట్టు చెప్పేసి, సర్కారు కొలువు వదులుకుని, ముప్పై ఏళ్లు అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసిన మనిషి గఫూర్.